బంగారు పూత దేనికి?



గుడివాడ ప్రాంతపు ఒక సంఘములో జరిగిన వాదమును మీ యెదుట పెట్టుచున్నాను. ప్రభువు బల్ల పాత్ర పాతబడినది. దానిని మచిలీపట్నము పంపి, చిలకలపూడి పనివారిచేత బంగారు పూత వేయించి, చుట్టును చందాదారుల పేర్లు చెక్కించవలెనని పెద్దలు తలంచిరి. వారిలో ఒకరు, “అయ్యగారూ, ఇటలీ దేవాలయములలో ఎంత గొప్ప పాత్రలున్నవి! మన ప్రభువుకు మనమింతమాత్రము చేయలేమా?” అనిరి. ప్రశ్న మంచిదే. కనుక ఇటలీకే పోయి చూతము.

అస్సీసి పట్టణమున పరిశుద్ధ ఫ్రాన్సిసు దేవాలయమునకు చెందిన పాత్ర యొకటి కలదు. 4వ నికోలాసు పోపు (1288–1292) కాలమున సియెనా కంసాలి గుచ్చో ది మన్నాయా దానిని చేసెను. వెండి పాత్ర, బంగారు పూత. మన ఇండ్లలోని ఎనామిల్ పళ్ళెమువలె దానికిని గాజుపూత యున్నది; అయితే ఇది వెలుగు దూరునట్టి పూత. వెండిపై బొమ్మలు చెక్కి, రంగుగాజు పొడి పరచి, నిప్పులో కరిగించిరి. లోతుగా చెక్కినచోట రంగు చిక్కన, పైపైన చెక్కినచోట పలుచన. దానిమీదను పోపు పేరు, కంసాలి పేరు ఉన్నవి.

బిచ్చమెత్తి బ్రతికిన ఫ్రాన్సిసు సమాధియున్న చోట బంగారు పాత్ర యేల అని మీరడుగుదురు. నేనును అట్లే అనుకొంటిని. కాని 1226లో మరణించిన ఆ బీదవాడే, సంస్కారపు పాత్రలు ప్రశస్తమైనవై యుండవలెనని తన లేఖలలో కోరెను. తన ఒంటికి ముతక బట్ట, ప్రభువు బల్లకు మేలైనది. కనుక మంచి పాత్ర పాపమని నేననను. మకిలి పట్టిన పాత్రను చూపి, ఇదే దీనత్వమనుటయు భక్తి కాదు.

మరి నా తగవు దేనితో? ఆ సంఘమున సంస్కారదినమున ఒక పేటవారు మోకరించి లేచువరకు మరియొక పేటవారు వెనుక చాపమీదనే కూర్చుందురు. ఎవరును ఆజ్ఞ ఇయ్యలేదు, అందరికిని తెలియును. టీ దుకాణములో మనకు వేరు గ్లాసు పెట్టినప్పుడు మన తండ్రులు లోలోపల మండిపోయిరి. ఆ వేరు గ్లాసును మనమే గుడిలోనికి తెచ్చుకొంటిమి గదా! మాల మాదిగ అను మాట క్రీస్తు రక్తముకంటె బలమైనదా? కొరింథులో ఒకడు ఆకలిగొనియుండగా ఒకడు కడుపునిండ త్రాగినందుకు పౌలు గద్దించెను (1 కొరింథీ. 11). వారి పాత్ర మట్టిదో బంగారుదో ఆయన అడుగనేలేదు.

ఇటలీలోనే మరియొక సంగతి వినుడి. 378లో గోతులు రోమా సైన్యమును ఓడించి జనులను చెరపట్టిన పిమ్మట, మిలాను బిషప్పు అంబ్రోసు దేవాలయపు పాత్రలు పగులగొట్టించి, ఆ సొమ్ముతో చెరలోనివారిని విడిపించెను. నింద వచ్చినప్పుడు, బంగారమును కాపాడుటకంటె మనుష్యులను కాపాడుటయే మేలని ఉత్తరమిచ్చెను. పాత్ర మనుష్యుని కొరకే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన నీదే పేట అని అడుగక వేలమందిని కొనిపోయెను. అల యెదుట లేని వరుస బల్ల యెదుట ఏల?

ఆ వరుసను ఏండ్ల తరబడి చూచియు నోరు తెరవని కాపరిని నేనే. నన్ను మొదట గద్దించుకొని మీతో చెప్పుచున్నాను. పాత్రకు పూత వేయించుడి, అడ్డురాను. పేర్లు మాత్రము వద్దు. ఆ పాత్రమీద మనకు హక్కు ఇచ్చిన పేరు ఒక్కటే. వచ్చు సంస్కారదినమున చాపమీదివారిని చేయిపట్టి లేపి, వారి ప్రక్కనే మోకరించి, వారు త్రాగిన పాత్రలోనే త్రాగుడి. గుచ్చో వేసిన గాజుపూత క్రింది వెండిని దాచలేదు, చూపెను. మనది అట్టి పూతయా, లేక లోపలి చిలుమును కప్పు పూతయా? ఆదివారము రాకముందే మీ మనస్సాక్షిని అడుగుడి.