చేపమందుకూ పరీక్ష పెట్టాలి
మృగశిర కార్తె దగ్గరపడితే గుండుగొలను, భీమడోలు, ఏలూరు వైపు ఉబ్బసం ఉన్న ఇళ్లలో చేపమందు మాట రాకుండా ఉండదు. హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం ఉచితంగా ఇచ్చే ఆ మందును బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి మింగిస్తారు. కొల్లేటి పక్కవాళ్లకు కొర్రమీను కొత్త కాదు. దాని నోట్లోని పసుపు ముద్దలో ఏముందో మాత్రం బయటివాళ్లకు తెలియదు. తగ్గిందని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. చిక్కంతా జబ్బు తీరులోనే ఉంది. ఉబ్బసం దుమ్ముకో జలుబుకో రేగుతుంది, కొన్నాళ్లకు తనంతట తానే నెమ్మదిస్తుంది. ఆ మధ్యలో ఏది మింగినా పేరు దానికే వస్తుంది. అందుకే రోగులను చీటీలు వేసి జట్లుగా విడదీసి, ఎవరికి ఏ మందు అందిందో రోగికీ వైద్యుడికీ తెలియనివ్వకుండా చూడాలి.

అలా చూసినందుకే ఆస్పత్రి వైద్యం కూడా మారింది. ఆయాసం రాగానే పీల్చే మామూలు ఇన్‌హేలర్ శ్వాసగొట్టాలను వదులు చేస్తుంది, నిమిషాల్లో ఊపిరాడుతుంది. లోపలి వాపు మాత్రం అలాగే ఉంటుంది. 2018లో వెలువడిన సిగ్మా-1 పరీక్షలో తేలికపాటి ఉబ్బసం ఉన్న 3,800 మందికి పైగా రోగులను ఏడాది పాటు గమనించారు. ఆయాసం వచ్చినప్పుడు ఉత్తి ఉపశమన మందు టెర్బ్యుటలిన్ పీల్చినవారికంటే, వాపు తగ్గించే స్టెరాయిడ్ బ్యుడెసొనైడ్‌ను గొట్టాలను వదులు చేసే ఫార్మోటెరాల్‌తో కలిపి పీల్చినవారిలో ఉబ్బసం తీవ్రంగా రేగడం 64 శాతం తగ్గింది. మరుసటి ఏడాదే అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే జీనా, పెద్దలకూ కౌమారులకూ ఉత్తి ఉపశమన ఇన్‌హేలర్ ఒక్కటే ఇవ్వడం తగదని చెప్పింది. దశాబ్దాల సిఫారసు అలా మారింది.

చేపమందు ప్రసాదం, దానికి పరీక్షేమిటంటారు కొందరు. నమ్మకం జోలికి ఎవరూ పోనక్కర్లేదు, కానీ ఉబ్బసం తగ్గుతుందన్న మరుక్షణం అది మందే. ఉచితమే కదా, పోయేదేముందన్న మాట మరీ ప్రమాదం. వరుసగా మూడేళ్లు తీసుకోవాలంటారు. ఆ మూడేళ్లూ స్టెరాయిడ్‌కు అలవాటు పడతాడేమోనన్న భయంతో పిల్లవాడి ఇన్‌హేలర్ మాన్పిస్తే గొట్టాల వాపు అలాగే ఉండిపోతుంది. పీల్చే స్టెరాయిడ్ మైక్రోగ్రాముల్లో నేరుగా గొట్టాలకు చేరుతుంది, అది వ్యసనం కాదు. పీల్చాక నోరు పుక్కిలిస్తే నోటిపూత కూడా చాలావరకు రాదు. పరీక్ష పేరుతో సగం మందిని మందుకు దూరం చేస్తారా అని అడగవచ్చు. ఎవరి ఇన్‌హేలరూ ఆపక్కర్లేదు. రెండు జట్లకూ కొర్రమీను పిల్లే ఇచ్చి, ఒక జట్టుకు అసలు ముద్ద, రెండో జట్టుకు అదే రంగూ వాసనా ఉన్న వేరే ముద్ద పెడితే చాలు. ఏటా చేపపిల్లలను సమకూరుస్తున్నది తెలంగాణ మత్స్యశాఖ. ఈ పరీక్షకు ఖర్చు పెట్టాల్సిందీ ఆ ప్రభుత్వమే.