మడచెట్ల మధ్య ఓ నడక

తుని వాళ్లకు అడవి అంటే ముందు గుర్తొచ్చేది లోవే. ఆషాఢం వచ్చిందంటే తలుపులమ్మ తల్లి దర్శనం, చెట్ల కింద వంటలు, భోజనాలు... ఆ సందడే వేరు. కానీ అదే కాకినాడ జిల్లాలో ఇంకో రకం అడవి ఉంది. అక్కడ చెట్లు ఉప్పునీళ్లలో నిలబడతాయి. చేపలు బురదలో గెంతుతాయి. విత్తనాలు చెట్టు మీదే మొలకెత్తుతాయి. అదే కోరంగి!

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దాటితే కోరంగి అభయారణ్యం. 1978లో ఏర్పాటైంది. విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. అడవి లోపలికి అటవీశాఖ చెక్కబాట వేసింది. దానిమీద నడుస్తుంటే రెండు పక్కలా పచ్చటి గొడుగు పట్టినట్టు మడచెట్లు.

కింద బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన పుల్లలు కనిపిస్తాయి. అవి తెల్లమడ, నల్లమడ చెట్ల వేళ్లు! బురదలో గాలి ఆడదు కదా, అందుకే ఊపిరి కోసం వేళ్లే పైకొస్తాయి. ఉప్పుపొన్నదైతే మరో తెలివి. కాయ చెట్టునుండగానే మొలకెత్తి, మునక్కాడలా వేలాడుతుంది. అదను చూసి జారి బురదలో దిగబడుతుంది. లేదా నీటిమీద తేలుతూ పోయి మరోచోట నాటుకుంటుంది.

కాసేపు మాట్లాడకుండా నిలబడి చూడండి. ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉన్న పీతలు కన్నాల్లోంచి బయటికొస్తాయి. కొంగలు, లకుముకి పిట్టలు సరేసరి. అదృష్టం ఉంటే నీటికుక్కల గుంపు కనిపించొచ్చు. చేపలు పట్టి తినే బావురుపిల్లి కూడా ఇక్కడిదే. అది రాత్రి తిరిగేది కాబట్టి కనిపించలేదని పిల్లలు చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

ఇప్పుడు ప్రశాంతంగా ఉన్న ఈ కోరంగి ఒకప్పుడు ఓడల రేవు. ఇక్కడినుంచి ఎంతమంది బర్మా వెళ్లారంటే, అక్కడ తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అన్న పేరే స్థిరపడిపోయింది. అలాంటి ఊరిని 1789లో ఒక ఉప్పెన ముంచేసింది. 1839 నవంబరులో మరొకటి వచ్చింది. రేవు మళ్లీ పాత వైభవం చూడలేదు. తుపానుకు ‘సైక్లోన్’ అని పేరుపెట్టిన హెన్రీ పిడింగ్టన్ కూడా కోరంగి ఉప్పెన గురించి రాశాడు.

ఈ కథ తెలిశాక మడచెట్టు విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. అలలు ఊరిమీద పడకముందే వాటి జోరును కొంత తగ్గించేది ఈ వేళ్ల అల్లికే. రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరిగేదీ వీటి నీడలోనే. అంటే మడ నరికితే ఊరికి అడ్డూ పోతుంది, మత్స్యకారుడి వలా ఖాళీ అవుతుంది. చెరువుల కోసమో వంటచెరుకు కోసమో నరికిన చెట్టు మళ్లీ ఎదగాలంటే ఏళ్లు పడుతుంది. మనం విసిరేసిన చిప్స్ ప్యాకెట్ ఆటుపోట్లకు ఆ వేళ్లలోనే చిక్కుకుంటుంది. తెచ్చిన చెత్తను తిరిగి పట్టుకెళ్లడం పెద్ద కష్టమేం కాదు కదా!

ఎలా వెళ్లాలి?

తుని నుంచి అన్నవరం, కత్తిపూడి, పిఠాపురం మీదుగా కాకినాడ చేరుకోవచ్చు. రైల్లో అయితే సామర్లకోటలో దిగాలి. కాకినాడ నుంచి యానాం బస్సులు కోరంగి మీదుగానే వెళ్తాయి. శీతాకాలం అనువైన సమయం. వలస పక్షులూ అప్పుడే వస్తాయి. టోపీ, మంచినీళ్లు, ఉంటే బైనాక్యులర్ మరిచిపోకండి.