పచ్చడి కిలో... పార్సిలు రెండు కిలోలు!

నందిగామలోనో, జగ్గయ్యపేటలోనో ఓ ఇల్లాలు ఆన్‌లైన్‌లో ఆవకాయ అమ్మడం మొదలుపెట్టిందనుకుందాం. కిలో 400 రూపాయలు. ఖర్చులన్నీ పోను 80 మిగులుతాయని లెక్క. హైదరాబాద్ నుంచి ఆర్డరొచ్చింది. అర కిలోకి 40 రూపాయలని కొరియర్ అబ్బాయి చెప్పాడు కాబట్టి, కిలోకి 80 చాలనుకుని 480 తీసుకుంది. తీరా బిల్లు చూస్తే 188 రూపాయల 80 పైసలు! మిగలాల్సిన 80 పోగా, చేతి నుంచి మరో 28 రూపాయల 80 పైసలు పడ్డాయి. పచ్చడి బాగుంది, కొన్నవాళ్లు మెచ్చుకున్నారు... నష్టం మాత్రం ఆమెకే.

మోసమేమీ జరగలేదు. కిలో అన్నది పచ్చడి బరువు. సీసా, నూనె కారకుండా చుట్టిన కవర్లు, బబుల్ షీటు, అట్టపెట్టె, టేపు... అన్నీ కలిపితే కిలో 350 గ్రాములు. కొరియర్ వాళ్లు అర కిలో శ్లాబుల్లో లెక్కేస్తారు కాబట్టి అది కిలోన్నర కిందికి వస్తుంది. మరి రెండు కిలోల బిల్లు ఎందుకొచ్చినట్టు? అసలు చిక్కు అక్కడే ఉంది.

విమానంలోనైనా లారీలోనైనా బరువుకంటే ముందు చోటు నిండిపోతుంది. దూదిమూటకీ ఇనప గుండుకీ బరువును బట్టే తీసుకుంటే రవాణా కంపెనీ మూతపడుతుంది. అందుకే పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, 5000తో భాగిస్తారు. వచ్చింది ఘనపరిమాణపు బరువు. అసలు బరువు, ఈ బరువు... రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. కొన్ని సంస్థలు రోడ్డు రవాణాకు 5000 బదులు ఇంకో అంకె వాడతాయి. తక్కువ అంకెతో భాగిస్తే బరువు పెరుగుతుంది కాబట్టి ముందే అడిగి తెలుసుకోవాలి.

మన ఆవకాయ పెట్టె 22 సెంటీమీటర్ల పొడవు, 18 వెడల్పు, 20 ఎత్తు. గుణిస్తే 7920. భాగిస్తే కిలో 584 గ్రాములు. అది కిలోన్నర దాటింది కాబట్టి రెండు కిలోల శ్లాబు. నాలుగు అర కిలోలకు 160 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అదే సీసాని 16, 16, 20 సెంటీమీటర్ల పెట్టెలో సర్దితే ఘనపరిమాణపు బరువు కిలో 24 గ్రాములే. అసలు బరువు కిలో 350 కాబట్టి కిలోన్నర శ్లాబు, 141 రూపాయల 60 పైసలు. ఇంట్లో ఉన్న ఏదో ఒక పెట్టె వాడటానికీ, కొలిచి తెచ్చిన పెట్టెకీ తేడా 47 రూపాయల 20 పైసలు. ఇంట్లో టేపు లేకపోతే టైలర్ దగ్గర అడిగి తెచ్చుకున్నా నష్టం లేదు!

పచ్చడి బరువైన సరుకు కాబట్టి ఇంతటితో సరిపోయింది. విజయవాడ వైపు వెళ్తే వచ్చే కొండపల్లి సంగతి వేరు. అక్కడి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేస్తారు. చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు. కానీ విరగకుండా చుట్టూ మెత్త పెట్టి 40, 30, 25 సెంటీమీటర్ల పెట్టెలో సర్దారంటే ఘనపరిమాణపు బరువు 6 కిలోలు! లోపలి సరుకు కిలోన్నరే అయినా బిల్లు ఆరు కిలోలకు పడుతుంది. తేలికైన వస్తువులు అమ్మేవాళ్లు తూకం కంటే టేపును నమ్ముకోవాలి.

దూరం లెక్క ఇంకో తంతు. స్పీడ్‌పోస్టులో కిలోమీటర్లను బట్టి మెట్లుంటాయి... అదే ఊరు, 200 లోపు, 500 లోపు, వెయ్యి లోపు, రెండు వేల లోపు, ఆపైన. తపాలా శాఖ 2025 అక్టోబరు 1న ధరలు సవరించింది కాబట్టి పాత రసీదు చూసి లెక్కేస్తే తప్పుతుంది. ప్రైవేటు కొరియర్లు మాత్రం ఊరు, రాష్ట్రం, మహానగరాలు, మిగతా దేశం, ఈశాన్య రాష్ట్రాలు-కశ్మీర్ అంటూ మండలాలుగా విడగొడతాయి. రెండు పిన్‌కోడ్‌లు చెబితేగానీ ధర తేలదు. ఆర్టీసీ కార్గో చవకే. బస్టాండులోనే పని అయిపోతుంది. అవతలివాళ్లు బస్టాండుకు వచ్చి తీసుకుంటారా అన్నది ముందే అడగాలి.

జగ్గయ్యపేట వాళ్లకు మరో తిరకాసు. గరికపాడు చెక్‌పోస్టు దాటితే కోదాడ. 2014 జూన్ 2 దాకా ఒకే రాష్ట్రం. ఇప్పుడు అక్కడికి పంపితే అంతర్రాష్ట్ర అమ్మకం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకందారులు ఆన్‌లైన్ వేదికల మీద అమ్ముకోవడానికి 2023 అక్టోబరు 1 నుంచి వెసులుబాటు వచ్చింది. అయితే అది సొంత రాష్ట్రం లోపలే. 2022లో కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారిన ఈ ఊళ్ల నుంచి ఎక్కడో ఉన్న కర్నూలుకు పంపడం సులువు, పక్కనున్న కోదాడకు కష్టం!

అమెరికాలో ఉన్న పిల్లల స్నేహితులకు అమ్ముదామనుకునేవాళ్లకీ ఓ మాట. 800 డాలర్ల లోపు సరుకులకు సుంకం లేదన్న పాత నమ్మకం చెల్లదు. ఆ మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29న ఎత్తేసింది. సుంకం ఎవరు కట్టాలన్నది ధర చెప్పేముందే తేల్చుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ తినేసేది తిరుగు పార్సిలు. 'సరుకు అందాకే డబ్బు' పద్ధతి మనకు కొత్తేమీ కాదు. 1877లోనే తపాలా శాఖ వీపీపీ తెచ్చింది. పుస్తకాలూ మందులూ అలాగే ఊరూరా చేరేవి. పాత పత్రికల ప్రకటనల్లో తపాలా ఖర్చులు అదనమని రాసేవాళ్లు... తెలివైనవాళ్లు! ఇప్పుడు 'ఉచిత డెలివరీ' అనకపోతే కొనేవాళ్లు తల తిప్పేసుకుంటున్నారు.

పది పార్సిళ్లలో రెండు వెనక్కొచ్చాయనుకోండి. వెళ్లడానికి 141.60, రావడానికీ అంతే అనుకుంటే రెండింటికీ కలిపి 566 రూపాయల 40 పైసలు. అమ్ముడైన ఎనిమిదింటి మీద వేస్తే ఒక్కోదానికి 70 రూపాయల 80 పైసలు. కిలోకి 80 మిగులుతుందనుకున్న మనిషికి మిగిలేది తొమ్మిది రూపాయల పైచిలుకే. పైగా ఎండలో తిరిగి తిరిగి వచ్చిన ఆవకాయని మళ్లీ ఎవరికి అమ్మాలి? తినే సరుకుకు ముందే డబ్బు తీసుకోవడం మేలు. మొహమాటపడితే కుదరదు.

రవాణా ఖర్చు ధరలోనే కలిపేవాళ్లు సగటు తీయడంలో పొరబడుతుంటారు. హైదరాబాద్‌కు 100, బెంగళూరుకు 140, ఢిల్లీకి 220 అయితే మూడూ కలిపి మూడుతో భాగించి 153 అంటారు. పది ఆర్డర్లలో ఆరు హైదరాబాద్‌వి, మూడు బెంగళూరువి, ఒకటి ఢిల్లీది అయితే అసలు సగటు 124 రూపాయలే. ఆ 29 రూపాయలు అనవసరంగా కలిపితే కొనేవాళ్లు పక్క దుకాణానికి వెళ్లిపోతారు. అందుకే ఓ నోటుబుక్కులో ఏ ఊరికి ఎన్ని పంపారో రాసుకుంటూ, రెండు మూడు నెలలకోసారి సగటు సరిచూసుకోవాలి.

కొరియర్ గోదాముల్లో యంత్రాలు పెట్టెని మళ్లీ కొలుస్తాయి. మీరు రాసిన బరువుకీ యంత్రం చెప్పిన బరువుకీ తేడా వస్తే అదనపు బిల్లు వారం తర్వాత వచ్చి పడుతుంది. అభ్యంతరం చెప్పడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. సీలు వేశాక పెట్టెని తూకం మీద పెట్టి అంకె కనిపించేలా ఒక ఫొటో, మూడు వైపులా టేపు పట్టి మూడు ఫొటోలు తీసి ఫోన్లో ఉంచుకుంటే, ఆ బిల్లుకు జవాబు చెప్పడానికి మీ దగ్గర ఆధారమంటూ ఉంటుంది.