వింగులోంచి అందించే మాట

మన సినిమాల్లో మతిమరుపు రావడానికి అట్టే సేపు పట్టదు. హీరోగారి తలకి దెబ్బ తగిలిందా, కళ్ళు తెరిచి "నేనెవర్ని?" అంటాడు. ఆఖరి రీలులో ఇంకో దెబ్బ తగలగానే పెళ్ళాం, పిల్లలు, విలన్ పేరుతో సహా అన్నీ గుర్తొచ్చేస్తాయి! హాల్లో ఈలలే ఈలలు. ఇళ్ళల్లో వచ్చే మరుపు అలా రాదండీ. 2005లో బ్లెస్సీ మలయాళంలో తీసిన 'తన్మాత్ర'లో మోహన్‌లాల్ ముఖ్యమైన ఆఫీసు ఫైలు ఫ్రిజ్‌లో పెట్టి మర్చిపోతాడు చూడండి, అలా వస్తుంది. పిల్లిలా.

తెనాలి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఆవిడ భర్త లెక్కల మేష్టారుగా చేసి రిటైరయ్యారు. ఏడాదిగా చెప్పిందే మళ్ళీ చెప్తున్నారట. తెలిసినవాళ్ళ పేర్లు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోతున్నాయట. డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి 'మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్' అన్నారు. "ఇంక మా సంసారం అయిపోయినట్టేనా? కొన్నాళ్ళకి ఆయన నన్నూ మర్చిపోతారా?" అని ఆవిడ ప్రశ్న.

అయిపోలేదమ్మా. మర్చిపోతారా, పోరా అన్నదానికి మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. వయసుతో వచ్చే మామూలు మరుపుకీ, డిమెన్షియాకీ మధ్య మెట్టు ఇది. మరుపు పరీక్షలో బయటపడుతుంది గానీ మనిషి తన పనులు తను చేసుకోగలడు. స్పెషలిస్టుల దగ్గరికి వచ్చేవాళ్ళలో ఏడాదికి నూటికి 10 నుంచి 15 మందికి ఇది డిమెన్షియాగా ముదురుతుందని ఒక లెక్క. కొందరు ఏళ్ళ తరబడి ఈ మెట్టు మీదే ఉంటారు. కొందరు మళ్ళీ మామూలుగా అవుతారు కూడా. థైరాయిడ్ మందగించినా, బి12 విటమిన్ తక్కువైనా, మనసులో దిగులు పేరుకున్నా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తున్నా బుర్ర మసకబారుతుంది. కొన్ని నిద్రమాత్రలూ ఆ పని చేస్తాయి. ఇవన్నీ చూశారా అని డాక్టరుగార్ని అడగండి. చెవుల సంగతి కూడా. సరిగ్గా వినపడని మాట ఎవరికి గుర్తుంటుంది?

మీ ఉత్తరంలో ఒక్క వాక్యం మాత్రం నాకు నచ్చలేదు. "రోజూ పొద్దున్నే తారీఖు, వారం, రాత్రి తిన్న కూర అడుగుతున్నా, తప్పు చెప్తే దిద్దుతున్నా" అన్నారు. జీవితమంతా పిల్లలకి పరీక్షలు పెట్టిన మనిషికి కాఫీ కంటే ముందు పరీక్షా! దానివల్ల జ్ఞాపకం పెరగదు సరికదా, మీ మొహం చూస్తేనే ఆయనకి గుండె దడ మొదలవుతుంది.

నాటకం గురించి తెనాలివారికి నేను చెప్పాలా? వింగులో పుస్తకం పట్టుకుని ప్రాంప్టరు నిలబడేవాడు. మంచి ప్రాంప్టరు నటుడు ఆగీ ఆగగానే అందుకోడు. కావాలనే ఆగాడేమోనని ఒక క్షణం చూస్తాడు. తడబడ్డాడని తేలితే మొదటి రెండు ముక్కలే, ముందు వరసకి వినపడకుండా అందిస్తాడు. చేతకాని ప్రాంప్టరు డైలాగంతా తనే గట్టిగా చదివేస్తాడు, జనం గొల్లున నవ్వుతారు. మీరు ఆ మొదటి రకం కావాలి.

చుట్టం గుమ్మంలోకి రాగానే "రా సుబ్బారావ్, ఇదేనా రావడం!" అని మీరే పేరు పెట్టి పలకరించండి. ఆయనకి పేరు అందిపోయింది, మూడో మనిషికి తెలీలేదు. "ఇందాకే చెప్పాగా!" అన్న మాట మాత్రం నోట్లోంచి రానివ్వకండి. ఇంటికంతా ఒకటే గోడ క్యాలెండరు, తాళాలకి ఒకటే కొక్కెం, మందులకి వారాల పేర్లున్న డబ్బా... ఇవి నోరు లేని ప్రాంప్టర్లు. డబ్బా ఆయనే నింపాలి, మీరు పక్కన కూర్చుని చూడండి చాలు. సాయంత్రం ఇద్దరూ కలిసి నడవండి. ఈ స్థితిలో ఉన్నవాళ్ళు వారానికి రెండుసార్లయినా వ్యాయామం చెయ్యాలని అమెరికా న్యూరాలజీ అకాడమీ 2018లో సూచించింది.

గాయకుడు టోనీ బెన్నెట్ సంగతి వినే ఉంటారు. ఆయనకి 2016లో అల్జైమర్స్ అని తేలింది (మీవారి కంటే ముదిరిన స్థితి సుమా). భార్య సూజన్ ఆయన్ని గదిలో కూర్చోబెట్టలేదు, పాడనిచ్చింది. కుటుంబం ఆ సంగతి లోకానికి చెప్పింది 2021లో. అదే ఏడాది ఆగస్టు 3న, తన 95వ పుట్టినరోజున, న్యూయార్కు రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో లేడీ గాగాతో కలిసి పాడారు. 5న మళ్ళీ! 2023 జూలైలో పోయారు. పాట జబ్బుని ఆపలేదు, కాని ఆయన్ని అన్నాళ్ళూ గాయకుడిగా ఉంచింది. మీవారికి లెక్కలున్నాయి. వీధిలో పిల్లలు నలుగురొస్తే చెప్పనివ్వండి.

డబ్బు సంగతి వాయిదా వెయ్యకండి. బ్యాంకు ఖాతాలు, నామినీలు, వీలునామా ఇప్పుడే, ఆయన ఇష్టప్రకారం, ఆయన సంతకంతో జరగాలి. ఫోన్లో ఓటీపీ అడిగే కేటుగాళ్ళకి ఇలాంటి మనుషులంటే మహా ఇష్టం.

మీక్కూడా కోపం వస్తుంది, ఎందుకు రాదు? నెలకి రెండు రోజులు చెల్లెలింటికి వెళ్ళిరండి.

భార్యకి మరుపొచ్చిన ఇళ్ళల్లో కథ వేరు. పప్పులో ఉప్పు రెండుసార్లు పడితే మొగుడు కంచం తోసేస్తాడు గానీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని తోచదు. అలాంటి మహానుభావులు ముందు ఉప్పు డబ్బా ఎక్కడుందో నేర్చుకుంటే మంచిది.

అన్నట్టు మేష్టారూ, ఈ పేజీ మీ ఇంట్లో ముందు చదివేది మీరేనట! ఎక్కడ అందించాలో, ఎక్కడ ఊరుకోవాలో ఆవిడకి ఎలా తెలుస్తుంది చెప్పండి? పేర్లు అందిస్తే మీకు బావుంటుందా? బజార్లో చిల్లర లెక్కపెడుతుంటే ఆవిడ పక్కకి చూడాలా? నలుగురిలో ఉన్నప్పుడు చెయ్యి నొక్కితే చాలా? ఓ కాగితం మీద వరసగా రాసి ఆవిడ చేతికివ్వండి. లెక్కల మేష్టారు కదా, నంబర్లు వెయ్యడం మర్చిపోరు.