కరెంటు బిల్లు చూసిన ప్రెసిడెంటు



అట్లాంటాలో ఉన్న మనవాళ్లు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే అక్వేరియం, కోకా కోలా మ్యూజియం, గుడి చూపించి సరిపెడుతుంటారు. ఈసారి కారును గంటన్నర దక్షిణానికి పోనిచ్చి వార్మ్ స్ప్రింగ్స్ తీసుకెళ్లండి. ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ సెలవులకు వచ్చి ఉండిన 'లిటిల్ వైట్ హౌస్' అక్కడ ఉంది. ఇప్పుడది మ్యూజియం.

పేరు గొప్పగా ఉంది గానీ చూస్తే ఆరు గదుల చెక్క ఇల్లు. మన కలెక్టర్ల బంగళాలు దీనికంటే పెద్దవి! 1921లో పోలియో వచ్చి కాళ్లు పడిపోయిన రూజ్వెల్ట్, ఇక్కడి వెచ్చని ఊటనీళ్లలో ఈదితే మేలని విని 1924లో మొదటిసారి వచ్చారు. 1932లో ఈ ఇల్లు కట్టుకున్నారు. 1945 ఏప్రిల్ 12న ఇక్కడే చనిపోయారు. ఆ రోజు చిత్రకారిణి వేస్తుండగా సగంలో ఆగిపోయిన ఆయన బొమ్మ ఇప్పటికీ అక్కడ ఉంది.

అయితే మనం తెలుసుకోవలసింది ఆయన కరెంటు బిల్లు గురించి. ఇక్కడ యూనిట్‌కు 18 సెంట్లు పడేది. న్యూయార్క్ రాష్ట్రంలో హైడ్ పార్క్‌లోని సొంతింట్లో కట్టేదానికి ఇది నాలుగు రెట్లు! పల్లెలకు కరెంటు ఇవ్వాలన్న ఆలోచన ఆ బిల్లుతోనే మొదలైందని 1938లో బార్న్స్‌విల్ సభలో ఆయనే చెప్పారు. అప్పట్లో అమెరికాలో పదిమంది రైతుల్లో తొమ్మిదిమంది ఇళ్లకు కరెంటు లేదు. లాభం రాదని కంపెనీలు లైన్లు వెయ్యలేదు. 1935లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టి, తక్కువ వడ్డీకి అప్పులిచ్చారు. రైతులే సహకార సంఘాలు కట్టి లైన్లు వేయించుకున్నారు.

ఇది మనకు సంబంధం లేని కథనుకుంటున్నారా? 1970లో మన సిరిసిల్లలో మొదలైన విద్యుత్ సహకార సంఘం 'సెస్' ఆ నమూనాలో వచ్చిందే. కరెంటు వాడుకునేవాళ్లే సభ్యులు, డైరెక్టర్లను ఎన్నుకునేదీ వాళ్లే.

అలాగని రూజ్వెల్ట్‌ను దేవుణ్ణి చెయ్యనక్కరలేదు. వార్మ్ స్ప్రింగ్స్ చికిత్స తెల్లవాళ్లకే. నల్లజాతి పోలియో రోగులకు 1941లో టస్కీగీలో వేరే ఆసుపత్రి పెట్టారు. ఈ ఇంట్లో మొదటి భోజనం, చివరి భోజనం వండింది తానేనని నల్లజాతి వంటమనిషి డైసీ బానర్ వంటింటి గోడ మీద పెన్సిలుతో రాసుకుంది. ప్రెసిడెంటు బొమ్మతో పాటు ఆ రాతనూ కాపాడారు చూడండి, అదీ మ్యూజియం అంటే!

హైదరాబాదులో బొల్లారం రాష్ట్రపతి నిలయాన్ని 2023 మార్చి నుంచి ఏడాది పొడుగునా జనానికి తెరిచారు. సంతోషం. కానీ తోటలు, కుర్చీలు చూపిస్తే చాలదు. అక్కడ పనిచేసినవాళ్ల కథ కూడా గోడకెక్కాలి. దాంతోపాటు ఇంకో ప్రశ్న అడుగుదాం: సర్కారు బంగళాల్లో ఉంటున్న మన నాయకుల్లో, తమ కరెంటు బిల్లు ఎంతొచ్చిందో చెప్పగలిగినవాళ్లు ఎందరు? పక్కింటి రైతుకు వచ్చే బిల్లే తనకూ వస్తే గానీ నాయకుడికి జనం కష్టం తెలియదు. వచ్చే ఎన్నికల్లో ఊరికి ఫోన్ చేసినప్పుడు ఈ మాట కూడా అడగమని చెప్పండి.