ఊరికే ఉండనివ్వని మనం

ఏటా జనవరి 30న ఉదయం 11 గంటలకు దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటించాలి. గాంధీగారు పోయిన రోజది. దాన్ని మనం ఎలా పాటిస్తామో ఏ ఆఫీసులోనైనా చూడొచ్చు. సగంమంది కుర్చీల్లోంచి లేచేసరికే కొంత సమయం అయిపోతుంది. ఒకాయన గొంతు సవరించుకుంటాడు, ఒకావిడ వాచీ చూసుకుంటుంది, ఎవరి జేబులోనో ఫోను గుర్రుమంటుంది. గడువు తీరకముందే పై అధికారి ‘థ్యాంక్యూ’ అనేస్తారు. అందరం హమ్మయ్య అనుకుని కూలబడతాం. సంతాపసభల్లో నిమిషం మౌనానిదీ అదే గతి. మన నిమిషం ఇరవై సెకన్లకు మించదు. పోయినవాళ్లు లెక్క అడగరు కాబట్టి సరిపోయింది.

దీనికి ఫోన్‌ను తిట్టడం తేలిక. కానీ ఊరికే కూర్చున్నవాణ్ణి సోమరి అనడం ఫోను రాకముందే మొదలుపెట్టాం. ఫోను వచ్చి, ఆ మాట పడతామన్న భయానికి మందు అమ్మింది, అంతే.

దర్శనం అయ్యాక గుళ్లో కాసేపు కూర్చుని వెళ్లాలనేవారు పెద్దలు. కోరికల చిట్టా దేవుడికి అప్పజెప్పేశాక ఇక చేసేదేమీ లేని నిమిషాలవి. రాతిమెట్టు చల్లదనం ఒంటికి తెలిసేది, గంట ఆగాక కూడా చెవిలో సన్నగా మోత మిగిలేది. ఆ ఆచారం మనం మానలేదు సుమా! ఇప్పటికీ కూర్చుంటున్నాం, గోపురం ఫొటో స్టేటస్‌లో పెట్టడానికి.

ఫిల్టర్‌లో డికాషన్ దిగడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ కాసేపూ వంటింట్లో నిలబడి ఆ వాసన పీల్చడం తప్ప పనుండదు. ఆ ఖాళీని కూడా రీల్స్‌తో నింపేశాం. పక్క పొయ్యి మీద పాలు పొంగితే పొయ్యిని తిడుతున్నాం.

1895లో మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి మనవాడని చెప్పుకోవడానికి మాత్రం ముందుంటాం. ఆ ఊరికి దగ్గర్లోనే ఆయన పెట్టిన రిషీవ్యాలీ బడిలో పిల్లలు సాయంత్రం మాట్లాడకుండా కూర్చుని పొద్దుగుంకడం చూస్తారు. దాన్ని ‘అస్తాచల్’ అంటారు. మరి మనం మన పిల్లల్ని చేర్పించింది ఎక్కడ? తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే హాస్టళ్లలో. పొద్దు ఎటువైపు గుంకుతుందో కూడా అక్కడి పిల్లలకు తెలీదు. యాజమాన్యాలను ఎంతైనా తప్పుపట్టవచ్చు. కానీ అడ్మిషన్ రోజున ‘ఆదివారం కూడా క్లాసులుంటాయా సార్?’ అని ఆశగా అడిగింది మనమే. ఉంటాయనగానే మురిసిపోయి ఫీజు కట్టిందీ మనమే.

ఆ పిల్లలే ఉద్యోగాల్లో చేరాక నిద్రపట్టక ధ్యానం యాప్‌కు చందా కడుతుంటే, ఈ కాలం పిల్లలకు టెన్షన్లు ఎక్కువని నిట్టూరుస్తున్నాం. ఒకప్పుడు వాళ్ల దగ్గర పైసా ఖర్చు లేకుండా ఉన్నదే వాళ్లిప్పుడు కొనుక్కుంటున్నారు. లాక్కున్నది బయటివాళ్లెవరూ కాదు. కన్నవాళ్లం, పాఠాలు చెప్పినవాళ్లం, ర్యాంకుల ప్రకటనలు చూసి చప్పట్లు కొట్టినవాళ్లం.

పెద్దవాళ్లమైన మనం మారతామన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. కాబట్టి ఒక్కటే అడుగుతాను. మీ ఇంట్లో పిల్లో పిల్లాడో ఏ పనీ లేకుండా గోడకు ఆనుకుని కూర్చుంటే, ‘ఖాళీగా ఉన్నావేం, పుస్తకం తియ్’ అనకండి. ఫోనూ చేతికివ్వకండి.