చేను పాలిపోతే చూస్తాం, పిల్ల పాలిపోతే చూడమా?

సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో వేరుశనగ లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి తెల్లగా పాలిపోతే మీరు ఊరుకోరు. ఇనుపధాతు లోపమని గుర్తించి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తారు. అదే లోపం ఇంట్లో పిల్లకు వస్తే మాత్రం "దీనికి చదువు అబ్బదు, ఉత్త మొద్దు" అని తేల్చేస్తాం. ఇది అన్యాయం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 59 మందికి, తెలంగాణలో 58 మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లోనైతే ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 70. కారణాలు ఎన్ని ఉన్నా ఇనుము లోపం అందులో ముఖ్యమైనది.

రక్తం తగ్గితే నీరసమని అందరికీ తెలుసు. బుర్ర పనితీరు కూడా దెబ్బతింటుందని చాలామందికి తెలియదు. మెదడుకు ప్రాణవాయువు మోసుకెళ్లే హిమోగ్లోబిన్‌కు ఇనుము కావాలి. మెదడులో కబుర్లు చేరవేసే డోపమైన్ తయారీకీ, థైరాయిడ్ హార్మోను తయారీకీ కావాలి. అది చాలకపోతే పాఠం మీద ధ్యాస నిలవదు, చెప్పింది గుర్తుండదు, ఊరికే చిరాకు వస్తుంది. రెండేళ్లలోపు బిడ్డకు లోపం ముదిరితే తరువాత మందులిచ్చినా నష్టం పూర్తిగా పూడకపోవచ్చు. అదను తప్పాక వేసిన ఎరువు లాంటిదే.

"బాగానే తింటోంది కదా!" అంటారు. తిన్నదంతా ఒంటికి పట్టదు. కాలేయంలో తయారయ్యే హెప్సిడిన్ అనే హార్మోను కాలువ తూము దగ్గర లష్కరు వంటిది. ఒంట్లో జ్వరం, చీము, వాపు ఉంటే అది పెరిగి, పేగు నుంచి రక్తంలోకి ఇనుము పోకుండా తూము మూసేస్తుంది. చెప్పుల్లేని కాళ్ల గుండా చేరే కొంకి పురుగులు మరోపక్క రక్తం తాగేస్తాయి. ఇక అందరూ తిన్నాక మిగిలింది తిని నాట్లకు, కలుపుకు పోయే ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

చేయాల్సింది పెద్ద ఖర్చు కాదు. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ స్త్రీలకు 12 గ్రాములు, గర్భిణులకు, ఐదేళ్లలోపు పిల్లలకు 11 గ్రాములకు తగ్గకూడదు. బడిలో వారానికోసారి ఇచ్చే ఇనుము మాత్రను పిల్లలు పారేయకుండా అన్నం తిన్నాక వేసుకోమని చెప్పండి. మలం నల్లగా వస్తే భయపడక్కర్లేదు. నులిపురుగుల మాత్ర మరువొద్దు. మునగాకు, తోటకూర, సజ్జలు, పప్పులు, వీలైతే మాంసం పెట్టండి. పైన నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటపడుతుంది. భోజనంతో పాటు టీ మానాలి. ఎక్కువ మోతాదు మాత్రలు సొంతంగా మింగొద్దు, పిల్లలకు అందనివ్వొద్దు. పొలంలో కొట్టే అన్నభేది పొరపాటున కూడా నోట పెట్టొద్దు.

చదువులో వెనకబడిన ప్రతి పిల్లకూ ఇదే కారణమని కాదు. కానీ పరీక్ష చేయించకుండా మొద్దు అని ముద్ర వేయడం తగదు. భూసార పరీక్షకు మట్టి పంపుతున్నాం, పాడి గేదెకు లవణ మిశ్రమం పెడుతున్నాం. అంతటి శ్రద్ధ ఇంటి ఇల్లాలికీ, పిల్లకూ దక్కాలి. ఈ వారమే వాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లండి.